లేపక్షికి పిల్లల్ని తీసుకెళ్తున్నారా? ఆ రోజు లేపక్షి ఒక్కటే పెట్టుకోండి

అనంతపురం బడుల నుంచి పిల్లల్ని లేపక్షికి తీసుకెళ్లి చూపించడం పదేళ్లుగా నా పని. ఫోన్ చేసిన ప్రతి హెడ్మాస్టరూ మొదట అడిగే మాట ఒకటే: "సార్, లేపక్షితో పాటు ఇంకేం కవరవుతాయి?"

అపోహ: ఒక్కరోజులో ఎన్ని ఊళ్లు తిప్పితే అంత గిట్టుబాటు.

వాస్తవం: నా కళ్ల ముందు పాడైన టూర్లలో ఎక్కువ భాగం ఈ ఆశతోనే పాడయ్యాయి. పోయిన ఫిబ్రవరిలో ఒక బడివాళ్లు పొద్దున పెనుకొండ, మధ్యాహ్నం లేపక్షి, సాయంత్రం పుట్టపర్తి అని పెట్టుకున్నారు. గుడి దగ్గర బస్సు దిగేసరికి పన్నెండున్నర. చెప్పులు బయట విడవాలి, లోపల బండ కాలిపోతోంది. పిల్లలు గెంతుకుంటూ నీడకు పరిగెత్తారు. ఉన్న నలభై నిమిషాలూ, నేలను తాకనట్టు కనిపించే వేలాడే స్తంభం దగ్గర లైన్‌కే సరిపోయాయి. కిందుగా తువ్వాలు లాగడం, ఫొటో, తర్వాతి వాళ్లు. తలెత్తి పైకప్పు చూసిన పిల్ల ఒక్కరూ లేరు.

ఆ పైకప్పు మీది బొమ్మల కోసమే కదా అంత దూరం వెళ్లేది! విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కట్టించిన గుడి అది. 1530ల నాటి మనుషులు ఏం కట్టుకున్నారో, తలకు ఏం పెట్టుకున్నారో రంగుల్లో అక్కడ కనిపిస్తుంది. పొడవాటి కుళ్లాయిలు, పక్కకు ముడిచిన కొప్పులు, రకరకాల చీరలు. ఇవి నిలబడి చూస్తే మెడ పడుతుంది. చాప వేసి పడుకోబెట్టాలి, చేతికి పెన్సిలూ కాగితమూ ఇవ్వాలి.

ఒకసారి ధర్మవరం నుంచి వచ్చిన ఏడో తరగతి పాప అట్లా పడుకుని బొమ్మ గీస్తూ, ఉన్నట్టుండి లేచి కూర్చుంది. "సార్, ఈ అంచు మా నాయన మగ్గం మీద నేస్తాడు!" తర్వాత అరగంట లతా మండపంలో ఒక్కో స్తంభం దగ్గరా ఆగి, రాతి మీది తీగలు కాగితం మీదికి ఎక్కించుకుంది. నలభై నిమిషాల టూర్‌లో ఆ పాప కూడా తువ్వాలు లాగి బస్సెక్కేసేది.

అపోహ: స్తంభం పూర్తిగా గాల్లో ఉంది.

లేదు. ఒక మూల నేలకు ఆనుతుంది. పిల్లల్ని వంగి చూడమనండి, వాళ్లే కనిపెడతారు. గోడ మీది ఎర్రమరకలు విరూపణ్ణ పీకి విసిరిన కళ్లవని చెప్పే కథను కథగానే చెప్పండి. చిన్నపిల్లలు రాత్రి భయపడతారు.

అపోహ: దూరం పంపితే పిల్లలు తప్పిపోతారు.

తల్లుల టెన్షన్ నాకు తెలుసు, నాకూ ఆడపిల్ల ఉంది. కానీ లెక్క తప్పేది ఎక్కువగా బస్సు ఎక్కి దిగేటప్పుడే. నాలుగు చోట్ల ఆపితే ఆ గండం నాలుగుసార్లు. పొద్దున ఆరుకు బయల్దేరి, ఎండ ముదరకముందే గుడి చూసి, నంది దగ్గర భోజనాలు పెట్టుకుంటే మధ్యలో హడావుడే ఉండదు. పదిమంది పిల్లలకు ఒక పెద్ద. ఇరవై ఏడడుగుల ఏకశిల నందిని చేతులు చాచి కొలవడం వాళ్లకు మంచి ఆట కూడా.

ఇక, "గుడి కదా, మావాడు రావచ్చా సార్?" అని ముస్లిం, క్రైస్తవ తల్లిదండ్రులు మొహమాటంగా అడుగుతారు. రావచ్చమ్మా. పూజ చెయ్యమని మేమెవరినీ అడగం, చూడ్డానికే వెళ్తున్నాం. టీచర్లకు నా మనవి: దయచేసి ఆ పిల్లల్ని బస్సులో కూర్చోబెట్టి రావద్దు.