తలుపు సందులో ఈల, కార్బురేటర్‌లో ఐడ్లింగ్

మిర్యాలగూడ నుంచి ఒక పాఠకుడు అడిగారు: "మా నాన్నగారి పాత ప్రీమియర్ పద్మిని కారు రోడ్డు మీద బాగానే పోతుంది. రైల్వే గేటు దగ్గర ఆగితే బంద్ అవుతుంది. ఎండాకాలం మరీ ఎక్కువ. ఎందుకు?" ఇలాంటి ప్రశ్న వస్తే నాకు పండగే.

బరువు లెక్కన ఒక పాలు పెట్రోల్ పూర్తిగా మండాలంటే 14.7 పాళ్ల గాలి కావాలి. దాన్ని అలా ఉంచి, అసలు విచిత్రం చూద్దాం.

మే నెలలో నల్లగొండ ఇళ్లలో వడగాలికి తలుపు దగ్గరగా వేస్తాం. సన్నని సందు మిగిలితే అక్కడ గాలి ఈల వేస్తుంది, చెయ్యి పెడితే జివ్వున తగులుతుంది. గది మధ్యలో కర్టెన్ మాత్రం కదలదు. తలుపు బార్లా తెరిస్తే ఈల ఆగిపోతుంది, కర్టెన్ ఎగురుతుంది. గాలిలో పెట్రోల్ కలిపే కార్బురేటర్‌లో, యాక్సిలరేటర్‌తో తిరిగే థ్రాటిల్ పళ్లెమే ఆ తలుపు. కర్టెన్ ఉన్న చోటు, పళ్లేనికి పైన గొట్టం సన్నబడే వెంచురి. గాలి అక్కడ వేగంగా దూసుకుపోతే ఒత్తిడి తగ్గి, మెయిన్ జెట్ అనే పెద్ద రంధ్రం నుంచి పెట్రోల్ ఎగజిమ్ముతుంది. యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే తలుపు మూసుకుంటుంది. వెంచురిలో గాలి చాలదు, మెయిన్ జెట్ నుంచి చుక్క రాదు.

మరి ఇంజన్ ఎలా నడుస్తుంది? సందు దగ్గరే! పళ్లెం దిగువన పిస్టన్లు గాలిని లాగేస్తుంటే ఒత్తిడి బయటి గాలిలో సగానికంటే తక్కువకు పడిపోతుంది. అక్కడున్న చిన్న రంధ్రంలోంచి గాలి కలిసిన పెట్రోల్ నురగలా వస్తుంది. తలుపు ఇంకాస్త తెరుచుకుంటే, అంచు పక్కనున్న మరికొన్ని రంధ్రాలు ఒక్కొక్కటే ఆ లాగుడులోకి వస్తాయి. మెయిన్ జెట్ అందుకునేదాకా బండిని నడిపేది అవే. గాలి వేగం పెరిగిన చోట ఒత్తిడి తగ్గుతుందనే బెర్నూలీ పాఠానికి బడిలో విమానం రెక్క బొమ్మ గీసి వదిలేస్తారు. ఒక పాత కార్బురేటర్ విప్పి పిల్లల చేతికిస్తే ఎంత బాగుంటుందో!

రోడ్డు మీద బాగుండి గేటు దగ్గర ఆగుతోందంటే ముందు అనుమానించాల్సింది ఐడ్లింగ్ దారినే, అంటే బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్‌ను నడిపే ఆ చిన్న రంధ్రం దారినే. అందులో చెత్త ఇరుక్కుని ఉండాలి, లేదా దాని స్క్రూ సెట్టింగు తప్పి ఉండాలి. దిష్టి అని నిమ్మకాయ కట్టి ఊరుకుంటే ఆ రంధ్రం తెరుచుకోదు.

ఇంజన్ బాగా వేడెక్కాక, షెడ్డులో కాకుండా ఆరుబయట సరిచేయండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. ఒక స్క్రూ తలుపు సందును నిలబెడుతుంది. మొన ఉన్న రెండోది రంధ్రాన్ని మూస్తుంది, తెరుస్తుంది. మొన స్క్రూను లోపలికి తిప్పితే పెట్రోల్ తగ్గి ఇంజన్ తడబడుతుంది. మరీ బయటికి తిప్పితే పెట్రోల్ వాసనతో ఊగుతుంది. నడుమ ఎక్కడ అన్నిటికంటే వేగంగా, నున్నగా తిరుగుతుందో అదే చోటు. సందు మారలేదు కాబట్టి వచ్చే గాలి దాదాపు అంతే. ఆ గాలి ఎంత బాగా వాడుకుందో ఇంజన్ తన వేగంతో తానే చెబుతుంది. తర్వాత మొదటి స్క్రూతో వేగం తగ్గించి, మొన స్క్రూను మళ్లీ చూడాలి.

ఇక ఎండ సంగతి. 15 డిగ్రీల నుంచి 45కు పోతే గాలి సాంద్రత సుమారు 9 శాతం తగ్గుతుంది. మిశ్రమంలో పెట్రోల్ వాటా దాదాపు 5 శాతం పెరుగుతుంది. ఆగి ఉన్న బండిలో కార్బురేటర్ కాగి, పెట్రోల్ ఆవిరి కూడా తోడవుతుంది; మిశ్రమం మరీ చిక్కబడి ఇంజన్ బంద్ అవుతుంది. ఇథనాల్ 20 శాతం కలిపిన పెట్రోల్‌ది ఎదురు లెక్క. దానికి 13.5 పాళ్ల గాలి చాలు కాబట్టి పాత సెట్టింగులో మిశ్రమం పలచబడుతుంది.

మొదలుపెట్టే ముందు మొన స్క్రూ పూర్తిగా మూసుకోవడానికి ఎన్ని చుట్లు పట్టిందో రాసుకోండి. గట్టిగా బిగించొద్దు, మొన చెడితే ఏ సెట్టింగూ నిలవదు. డిసెంబరు లెక్క ఒకటి, మే లెక్క ఒకటి బానెట్ లోపలి వైపు రాసిపెట్టుకోండి.