టీకా వద్దన్నవాళ్లతో మాట్లాడటం: అపోహలు - వాస్తవాలు

నేను ఏఎన్ఎంని, అంటే ఊళ్లో టీకాలు వేసే ప్రభుత్వ నర్సుని. బుధ, శనివారాలు టీకాల డ్యూటీ. సూది వేయడానికి నిమిషం పట్టదు, వేయించుకోమని ఒప్పించడానికే ఒక్కోసారి నెల పడుతుంది.

అపోహ: జబ్బుల గురించి వివరంగా చెబితే ఒప్పుకుంటారు.

వాస్తవం: కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. 10 వారాల వయసులో వేసే పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు ఒకే టీకా) డోసుకు రాని ఓ బాబు ఇంటికెళ్లి కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం అంటూ ఐదు జబ్బులూ అప్పజెప్పాను. నాయనమ్మ చింతపండులో గింజలు తీస్తూ అంతా విని, "అయ్యన్నీ సరేగానీ నర్సమ్మా, మొన్న నువ్వు పొడిచిన తొడ ఇంత లావు వాచింది. రాత్రంతా పిల్లోణ్ణి భుజానేసుకుని తిరిగింది నేను" అంది. ఆ రాత్రి సంగతి నేను అడగనే లేదు.

మళ్లీ వెళ్లినప్పుడు ముందు అదే అడిగాను. జ్వరం ఎన్నాళ్లుంది, ఏం పట్టారు అని. "ముందే చెప్పకపోవడం నా తప్పే పెద్దమ్మా" అన్నాను. ఒకట్రెండు రోజులు జ్వరం, వాపు మామూలేనని, బరువును బట్టి పారాసెటమాల్ ఇస్తామని, సూది వేసినచోట రుద్దొద్దని చెప్పాను. మూడు గంటలకు మించి ఆపకుండా ఏడ్చినా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఫోన్ చేయమని నంబరు రాసిచ్చాను. శనివారం బాబును ఆవిడే ఎత్తుకొచ్చింది.

అపోహ: తల్లి తలూపితే పనయినట్టే.

వాస్తవం: ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో చూసుకోండి. పనికి ఊరెళ్లిన భర్తతో ఫోన్లో మాట్లాడితేగానీ కదలని ఇళ్లున్నాయి.

అపోహ: రేషన్ కార్డు పోతుందంటే దారికొస్తారు.

వాస్తవం: ఆ పూటకి వస్తారు. తర్వాతి డోసుకు నన్ను చూడగానే తలుపు గడియ పడుతుంది. పైగా అది పచ్చి అబద్ధం.

అపోహ: శాంతంగా మాట్లాడటమంటే వాళ్లేమన్నా ఊఁ కొట్టడం.

వాస్తవం: "టీకాతో పెద్దయ్యాక పిల్లలు పుట్టరంట" అంటే కాదని సూటిగా చెప్పాల్సిందే. నవ్వకుండా చెప్పాలి, అంతే.

అపోహ: మధ్యలో డోసు తప్పితే మళ్లీ మొదటి నుంచి వేయాలి.

వాస్తవం: అక్కర్లేదు. పెంటావాలెంట్ ఆగినచోటు నుంచే వేస్తాం, డోసుకూ డోసుకూ కనీసం 4 వారాల ఎడం ఉంటే చాలు. ఇది తెలియక, తిడతారన్న భయంతో రాని తల్లులున్నారు. అందుకే ఆలస్యంగా వచ్చినవాళ్లని "ఇన్నాళ్లూ ఏమైపోయారు?" అని అడక్కూడదు. ఓసారి నేనే నోరు జారాను. ఆ అమ్మాయి టీకాల కార్డు కొంగులో దోపుకుని గిరుక్కున వెనక్కి తిరిగింది. సందు చివరిదాకా వెంటబడి బతిమాలి తీసుకొచ్చుకున్నాను.