మూత తెరుచుకుంటేనే వాన

"వారం రోజులుగా ఫోనులో ప్రతి మధ్యాహ్నానికీ ఉరుముల మేఘం బొమ్మ కనిపిస్తోంది. పక్కన 30 శాతం అని ఉంటోంది. ఇంతవరకు ఒక్క చినుకు పడలేదు. ఇది శాస్త్రమా, జోస్యమా?" అని ఒక పాఠకుడు అడిగారు. వసంతం ముగిసి ఎండలు ముదిరే వారాల్లో ఈ అనుమానం ఎవరికైనా వస్తుంది. జవాబు వెతకాలంటే నేలను వదిలి రెండు కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లాలి. వాతావరణ శాస్త్రం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే.

నేల వేడెక్కుతుంది, గాలి తేలికై పైకి పోతుంది, చల్లబడి మేఘమవుతుంది, వాన కురుస్తుంది. బడిలో పాఠం ఇక్కడితో ముగుస్తుంది. అలా ముగించడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. పాఠం చెప్పినంత సులువైతే ఎండ కాసిన ప్రతి సాయంత్రమూ వాన కురవాలి కదా! ఈ మాట అడిగిన పిల్లవాణ్ణి కూర్చోమనకుండా, పలక మీద లెక్క వేసి చూపించాలి. లెక్క పెద్దదేమీ కాదు.

నేల దగ్గర గాలి 36 డిగ్రీల సెల్సియస్ ఉందనుకుందాం. దాని డ్యూ పాయింట్ 20 డిగ్రీలు, అంటే 20 డిగ్రీలకు చల్లబడితే అందులోని ఆవిరి నీటిబొట్లుగా మారడం మొదలవుతుంది. పైకి లేచే గాలి వ్యాకోచిస్తూ కిలోమీటరుకు 9.8 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. పీడనం తగ్గుతుంది కాబట్టి డ్యూ పాయింట్ కూడా పడుతుంది, అయితే కిలోమీటరుకు సుమారు 1.8 డిగ్రీలే. కాబట్టి రెండింటి మధ్య ఎడం కిలోమీటరుకు 8 డిగ్రీలు తగ్గుతూ పోతుంది. 16 డిగ్రీల ఎడం సరిగ్గా రెండు కిలోమీటర్ల దగ్గర సున్నా అవుతుంది. మేఘం అడుగుభాగం అక్కడ మొదలవుతుంది.

అక్కడి నుంచి కథ మారుతుంది. కిలో గాలిలో ఒక గ్రాము ఆవిరి నీరుగా మారితే, విడుదలయ్యే వేడి ఆ గాలిని 2.5 డిగ్రీలు వెచ్చబరచగలదు. అందుకే మేఘంలోని గాలి ఎత్తుకు వెళ్లే కొద్దీ చల్లబడే వేగం సగానికి పడిపోతుంది. చుట్టూ ఉన్న గాలి అంతకన్నా చల్లగా ఉంటే, ఇక ఎవరూ నెట్టకుండానే అది 10, 12 కిలోమీటర్ల ఎత్తుదాకా దూసుకుపోతుంది. వసంతం చివర నేల ఎండకు త్వరగా కాగుతుంది, పై ఆకాశంలోని గాలి మాత్రం ఇంకా చల్లగానే ఉంటుంది. క్యుములోనింబస్ మేఘాలకు, అంటే ఉరుముల మేఘాలకు, ఇది బాగా అనుకూలమైన కాలం.

మరి వాన ఎందుకు పడలేదు? నేలకు ఒకటిన్నర నుంచి మూడు కిలోమీటర్ల ఎత్తులో ఈ కాలంలో తరచూ ఒక వెచ్చని, పొడి గాలి పొర పరుచుకుని ఉంటుంది. ఎడారుల మీదో పీఠభూముల మీదో బాగా కాగిన గాలి పక్కకు వీచి, పల్లపు ప్రాంతాల తేమగాలికి పైన చేరుతుంది. అధిక పీడనం ఉన్నచోట పై నుంచి మెల్లగా దిగే గాలి సంకోచించి వేడెక్కినా ఇలాంటి పొరే ఏర్పడుతుంది. ఉడుకుతున్న గిన్నె మీద మూత ఎలాంటిదో ఈ పొర అలాంటిది. కింది నుంచి లేచిన గాలి ఇక్కడికి వచ్చేసరికి చుట్టుపక్కల గాలికన్నా చల్లగా, అంటే బరువుగా ఉంటుంది. దాంతో ఆగిపోయి, వచ్చిన దారిన దిగిపోతుంది.

ఈ మూత బరువును జూళ్లలో లెక్కకట్టవచ్చు. మూత మందం ఒక కిలోమీటరు అనుకుందాం. అందులో గుండా వెళ్లే గాలి చుట్టుపక్కల గాలికన్నా సగటున 1.5 డిగ్రీలు చల్లగా ఉంటుందనుకుందాం. గురుత్వ త్వరణం 9.8ను 1.5తో, తర్వాత 1000 మీటర్లతో గుణించి, పరమ ఉష్ణోగ్రత 290తో భాగిస్తే కిలోకు దాదాపు 50 జూళ్లు వస్తుంది. గాలిని పైకి పోనివ్వకుండా ఆపే ఈ శక్తిని శాస్త్రవేత్తలు పొట్టిగా సిన్ (CIN) అంటారు. మూత దాటాక గాలిని పైకి తోసే శక్తి కేప్ (CAPE). పైన పది కిలోమీటర్ల పొడవునా మేఘం చుట్టుపక్కల గాలికన్నా సగటున 5 డిగ్రీలు వెచ్చగా ఉంటే, అదే లెక్కతో, అక్కడి పరమ ఉష్ణోగ్రతను 250గా తీసుకుంటే, కేప్ దాదాపు 2000 జూళ్లు. 2000 జూళ్లను 50 జూళ్లు ఆపేస్తున్నాయి! ఆపగలవు కూడా. ఎండపూట నేల నుంచి లేచే గాలి వేగం సెకనుకు 3 మీటర్లయితే దాని గతిశక్తి కిలోకు 4.5 జూళ్లే. 50 జూళ్లు దాటాలంటే సెకనుకు 10 మీటర్ల వేగం కావాలి. ఒక్కసారి దాటిందా, 2000 జూళ్లు సిద్ధాంతం ప్రకారం సెకనుకు 63 మీటర్ల వేగాన్ని ఇస్తాయి. చుట్టూ ఉన్న పొడిగాలి కలవడం వల్లా, మోసుకుపోయే నీటి బరువు వల్లా నిజంగా అందేది అందులో సగమో, అంతకన్నా తక్కువో. వడగళ్లను గాలిలో నిలిపి పెంచడానికి అది చాలు.

మూత ఎలా తెరుచుకుంటుందో చూస్తే వారం సూచన ఎందుకంత కష్టమో అర్థమవుతుంది. ఎండకు నేల ఇంకాస్త కాగినా చాలు. తేమ పెరిగినా చాలు: కిలో గాలికి ఒక గ్రాము ఆవిరి ఎక్కువైతే, మూత దగ్గరికి మేఘమై చేరిన గాలి దాదాపు ఒక డిగ్రీ వెచ్చగా ఉంటుంది. మన 1.5 డిగ్రీల లోటులో మూడింట రెండు వంతులు తీరిపోయినట్టే! ఇక మూడో దారి నాకు మరీ ముచ్చటగా అనిపిస్తుంది. వందల కిలోమీటర్ల అల్పపీడన ద్రోణి ఒకటి పైన సాగుతూ ఆ పొరనే 150 మీటర్లు ఎత్తితే, పొడి పొర కాబట్టి అది 1.5 డిగ్రీలు చల్లబడి మూతగా పనికిరాకుండా పోతుంది. గిన్నె మూతతో పోలిక ఇక్కడే చెడుతుంది. గిన్నె మూతను ఎత్తితే ఆవిరి బయటికి పోతుంది, మూత మూతగానే ఉంటుంది. ఆకాశపు మూతను ఎత్తితే మూతే కరిగిపోతుంది. పైగా దీనికి అంచులు లేవు. ఒకచోట పలచగా, యాభై కిలోమీటర్ల అవతల దిట్టంగా ఉండగలదు. అందుకే పక్క ఊరు తడిసి మన ఊరు ఎండుతుంది.

గట్టి మూత వాన పడకుండా చేస్తుందని మాత్రమే అనుకుంటే సగమే తెలుసుకున్నట్టు. మూత లేకపోతే ఉదయం పదకొండింటికల్లా చిన్న చిన్న మేఘాలు పుట్టి, ఉన్న తేమను పైకి చిలికి పంచేస్తాయి. మూత ఉంటే కింద తేమ, వేడి రోజుల తరబడి పోగవుతాయి. ఉక్కపోస్తే వాన వస్తుందన్న పెద్దల మాటలో ఉన్న నిజం ఇదే. ఎప్పుడు వస్తుందో మాత్రం ఉక్కపోత చెప్పలేదు. 1948 మార్చి 20న అమెరికాలోని ఓక్లహోమాలో టింకర్ వైమానిక స్థావరాన్ని టోర్నడో దెబ్బతీసింది. అయిదు రోజులకు, మార్చి 25న, అక్కడి వాతావరణ అధికారులు ఎర్నెస్ట్ ఫాబుష్, రాబర్ట్ మిల్లర్ వాతావరణ పటాలు చూసి, మళ్లీ అలాంటి పరిస్థితులే ఏర్పడుతున్నాయని హెచ్చరిక ఇచ్చారు. ఆ సాయంత్రమే స్థావరాన్ని మరో టోర్నడో తాకింది. కింద తేమ, పైన పొడిగాలి, మధ్యలో మూత ఉండే అమరిక తీవ్రమైన ఉరుముల మేఘాలకు పుట్టిల్లని తర్వాతి సంవత్సరాల్లో వాళ్లిద్దరూ వివరంగా చూపించారు.

అమావాస్యకో పౌర్ణమికో వాతావరణం మారుతుందన్న నమ్మకం గురించి ఒక్క మాట. చంద్రుని నాలుగు దశలు దాదాపు 7.4 రోజులకొకటి చొప్పున వస్తాయి. కాబట్టి ఏ రోజు గాలివాన వచ్చినా దానికి నాలుగు రోజుల లోపు ఏదో ఒక దశ దొరుకుతుంది. నమ్మకం బతకడానికి అంతకన్నా ఆధారం అక్కరలేదు.

ఇప్పుడు ఆ 30 శాతం దగ్గరికి వద్దాం. యూరప్ దేశాల ఉమ్మడి వాతావరణ కేంద్రం 1992 నుంచి ఒకే సూచన బదులు గుంపుగా సూచనలు తయారుచేస్తోంది. ఇప్పుడు ఆ గుంపులో 51 గణనలుంటాయి. మొదటి క్షణపు కొలతలను కొద్దికొద్దిగా మార్చి, మళ్లీ మళ్లీ లెక్కిస్తారు. అరగ్రాము తేమ తేడాతోనే మూత నిలవడమో పగలడమో తేలిపోతున్నప్పుడు ఇది తప్పదు. బెలూన్లు, ఉపగ్రహాలు కొలిచే తేమలో అంత తేడా ఉండనే ఉంటుంది. 51లో 15 గణనలు వాన చూపిస్తే మనకు 30 శాతం అని చెబుతారు. ఊరిలో 30 శాతం భాగం తడుస్తుందనో, రోజులో 30 శాతం సేపు కురుస్తుందనో అర్థం కాదు. 30 శాతం అని చెప్పిన రోజులన్నీ పోగుచేసి చూస్తే వందకు ముప్పై రోజులు వాన పడి ఉండాలి. ఆ సూచన మంచిదో కాదో తేల్చే పరీక్షల్లో ముఖ్యమైనది అదే.

పాఠకుడు అడిగిన వారం మాటేమిటి? రోజుకు 30 శాతం చొప్పున ఏడు రోజుల్లో ఒక్క రోజూ వాన పడకపోయే అవకాశాన్ని 0.7ను ఏడుసార్లు గుణించి లెక్కిస్తే 8 శాతం వస్తుంది. అంటే వాన పడకపోవడం అరుదుగా జరగాలి, సూచన తప్పిందనిపిస్తుంది. కానీ ఒకదానితో ఒకటి సంబంధం లేని ఘటనలకే ఆ గుణకారం చెల్లుతుంది. ఈ ఏడు రోజుల మీదా ఉన్నది ఒకటే మూత! 51 గణనల్లో 36 వాటిలో మూత వారమంతా నిలిచి, మిగతా 15 వాటిలో వారమంతా రోజూ పగులుతుందనుకోండి. అప్పుడు కూడా ప్రతి రోజుకూ 30 శాతమే వస్తుంది. వారమంతా పొడిగా గడిచే అవకాశం మాత్రం 70 శాతం. ఈ రెండు రకాల వారాలకూ ఫోనులో బొమ్మలు, అంకెలు అచ్చంగా ఒకటే. నిజమైన వారాలు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి, ఎక్కడున్నాయో చెప్పే సమాచారం ఆ గణనల్లో ఉంది. దాన్ని విడివిడి రోజుల బొమ్మలుగా కోసేయడంతో పోతోంది. అందుకే వాతావరణ నిపుణులు రాసే రెండు వాక్యాల వివరణను నేను ఏడు బొమ్మలకన్నా ఎక్కువగా నమ్ముతాను. "వారం మధ్యలో ద్రోణి వస్తే వానలు, లేకపోతే పొడి వాతావరణం" అన్న మాటలో మూత సంగతి ఉంది.

వారం చివరి రోజుల గురించి ఏం నమ్మాలి? అమెరికా వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ 1969లో చూపించిన విషయం ఇక్కడ పనికొస్తుంది: అలజడి ఎంత చిన్నదైతే దాన్ని ముందుగా చెప్పగల వ్యవధి అంత తక్కువ. వేల కిలోమీటర్ల పొడవున్న పైగాలుల అలలను వారం ముందు పట్టుకోవచ్చు. కొన్ని కిలోమీటర్ల వెడల్పున్న ఒక ఉరుముల మేఘానికి కొన్ని గంటలే గడువు. సమశీతోష్ణ మండలాల్లో చలికాలంలో వానను తెచ్చేది ఎక్కువగా ఆ పెద్ద అలలే కాబట్టి అయిదో రోజు సూచన కూడా బాగా కుదురుతుంది. వసంతం చివర జెట్ స్ట్రీమ్, అంటే చాలా ఎత్తున పడమర నుంచి తూర్పుకు వేగంగా సాగే గాలుల ప్రవాహం, బలహీనపడి ధ్రువం వైపు జరుగుతుంది, పెత్తనం స్థానిక మేఘాల చేతికి వస్తుంది. అందుకే ఆరో రోజు, ఏడో రోజు గడుల్లో ఉష్ణోగ్రతను పట్టించుకోవచ్చు, వాన వేళను పట్టించుకోనక్కరలేదు. రేపటికీ ఎల్లుండికీ మాత్రం గరిష్ఠ ఉష్ణోగ్రతతో పాటు డ్యూ పాయింట్ కూడా చూడండి. అది రోజురోజుకూ పెరుగుతుంటే మూత కింద సరుకు పోగవుతున్నట్టు. మధ్యాహ్నం ఆకాశంలో మేఘాలు చదునుగా ఆగిపోతుంటే మూత గట్టిగా ఉంది. పైభాగాలు గోపురాల్లా ఎదుగుతుంటే పలచబడుతోంది.

మూత పగిలి మొదటి గాలివాన కురిశాక లెక్కలన్నీ మారిపోతాయి. మేఘం నుంచి దిగిన చల్లని గాలి నేల మీద పదుల కిలోమీటర్లు పరుచుకుంటుంది. దాని అంచు ఎదురొచ్చిన వెచ్చని గాలిని ఎత్తి, ఇంకొకచోట మూతను పగలగొట్టవచ్చు. తడిసిన నేల మర్నాటి ఎండ వేడిని నీటిని ఆవిరి చేయడానికి ఖర్చుపెడుతుంది కాబట్టి ఉష్ణోగ్రత తగ్గుతుంది, డ్యూ పాయింట్ పెరుగుతుంది. ఆ గాలివానకు ముందు వచ్చిన వారం సూచనను పక్కన పెట్టి, మర్నాటి ఉదయం బెలూన్ల కొలతలతో తయారైన కొత్త సూచన చూడటం మంచిది.