సైకిలు పంపు వాచరు, ట్రాక్టరు ఇంజను రింగు

పొదలకూరు వైపు నిమ్మతోట ఉన్న ఒక రైతు ఈ మధ్య ఒక ప్రశ్న అడిగారు. చెట్ల వరుసల నడుమ దున్నుకోవడానికి ఆయనకొక చిన్న ట్రాక్టరు ఉంది. పదకొండేళ్ళుగా పనిచేస్తున్న ఆ బండి పొద్దున్నే ఒక పట్టాన స్టార్టు కావడం లేదు, ఇంజను లోపలి గాలిని బయటికి వదిలే బ్రీదరు పైపు పొగ కక్కుతోంది, ఇంజను ఆయిలు వారానికోసారి పోయవలసి వస్తోంది. మెకానిక్కు ‘ఇంజను బోరుకొచ్చింది, చేయిద్దాం’ అంటున్నాడు, అంటే పిస్టను కదిలే గొట్టం అరిగింది, దానిని బాగుచేయిద్దామని. కొడుకు ‘ఇంత పాతదానికి ఖర్చెందుకు, ఇంజనే మార్చేద్దాం’ అంటున్నాడు. బావమరిది మాత్రం ‘ముందు రింగులు వేసి చూడండి బావా’ అని మూడో దారి చూపించాడు. ఈ ముగ్గురిలో ఎవరి మాట వినాలన్నది ఆయన ప్రశ్న.

కొలవకుండా ఎవరి మాటా వినవద్దని నా సమాధానం. ఆ కొలతకు ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు; ఒక పిస్టను రింగు, మెకానిక్కులు ఫిల్లర్ గేజి అని పిలిచే సన్నని రేకుల కట్ట ఉంటే చాలు. అయితే ఆ కొలత ఏం చెబుతుందో తెలియాలంటే రింగు చేసే పని తెలియాలి. డీజిలు ఇంజను నాలుగు స్ట్రోకుల కథ ఐటీఐ పుస్తకాలన్నిటిలోనూ ఉంది కనుక దానిని వదిలేసి, నేరుగా సైకిలు పంపు దగ్గరికి వెళ్తాను.

పాతకాలపు సైకిలు పంపును విప్పి చూసినవారికి కడ్డీ చివర గిన్నె ఆకారంలో ఉండే తోలు వాచరు గుర్తుండే ఉంటుంది. ఆ గిన్నె మూతి కిందివైపుకు ఉంటుంది. పిడిని కిందికి నొక్కినప్పుడు అడుగున నలిగిన గాలి గిన్నెలోకి చొరబడి, దాని అంచులను బయటికి తోసి, గొట్టం గోడకు అదిమిపెడుతుంది. అంటే గాలి పారిపోకుండా ఆపుతున్నది ప్రధానంగా తోలు బిగువు కాదు, పారిపోవాలని చూస్తున్న ఆ గాలి ఒత్తిడే. ఎంత గట్టిగా నొక్కితే వాచరు అంత గట్టిగా అతుక్కుంటుంది; మెల్లగా నొక్కితే ఒత్తిడి పెరిగేలోపే గాలి పక్కలనుంచి జారుకుంటుంది. తోలు ఎండిపోయినప్పుడు రెండు చుక్కల కొబ్బరినూనె వేస్తే పంపు మళ్ళీ పనిచేయడం, నాలుగు పోట్లు వేశాక పంపు అడుగు చేతికి వెచ్చగా తగలడం కూడా మనకు తెలుసు. డీజిలు ఇంజను గురించి తెలుసుకోవలసినదంతా దాదాపుగా ఈ పంపులోనే ఉంది.

పిస్టను రింగు అంటే పిస్టను చుట్టూ ఉన్న గాడిలో కూర్చునే, ఒక చోట తెగి ఉన్న పోత ఇనుప కడియం. జాన్ రామ్స్‌బాటమ్ అనే ఆంగ్ల రైలింజన్ల ఇంజనీరు 1850ల తొలినాళ్ళలో ఆవిరి యంత్రాల కోసం ఇటువంటి తెగిన రింగును తెచ్చాడు. రింగు తన స్ప్రింగు గుణంతో గోడను తడుముతున్నట్లు ఆనుకుని ఉంటుంది, అంతే. అసలు బలం వెనకనుంచి వస్తుంది: గాడికీ రింగుకూ మధ్య విడిచిన సన్నని సందులోనుంచి మండే వాయువు రింగు వెనుకకు చేరి, దానిని లైనరు మీదికి, అంటే పిస్టను కదిలే గొట్టం గోడ మీదికి, నెడుతుంది. 80 మిల్లీమీటర్ల బోరు (లైనరు లోపలి వ్యాసం), 2.5 మిల్లీమీటర్ల మందం గల పై రింగు, 60 బార్ల ఒత్తిడి (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 60 రెట్లు) అనుకుని లెక్క వేస్తే ఆ నెట్టుడు దాదాపు 380 కిలోల బరువుకు సమానమవుతుంది. నెల్లూరు లెక్కలో ఇది అరపుట్టి ధాన్యం కంటే కాస్త తక్కువ. రింగు సొంత స్ప్రింగు బలం ఇందులో చాలా చిన్న భాగమే. గోడవైపు నూనె పొర ఎదురు నెట్టుడు కొంత తీసివేసినా ఈ తేడా చిన్నది కాదు. మన పాలిటెక్నిక్కులలో డీజిలు చక్రానికి పీడన–ఘనపరిమాణ పటం గీయించి పది మార్కులు వేస్తారు గాని, విద్యార్థి చేతికి ఒక అరిగిన రింగునిచ్చి ఇది ఎందుకు అరిగిందో చెప్పమనరు. పటంలో రింగు అసలు కనిపించదు. పటమంతా నిలబడేది మాత్రం దాని మీదనే.

ఇప్పుడు పంపు అడుగున తగిలిన వెచ్చదనానికి వద్దాం. డీజిలు ఇంజనులో స్పార్కు ప్లగ్గు లేదు; గాలిని నొక్కితే పుట్టే వేడే డీజిలును అంటించాలి. గాలిని పదిహేడో వంతుకు నొక్కితే దాని ఉష్ణోగ్రత, కెల్విన్లలో చూస్తే, సుమారు 2.7 రెట్లవుతుంది. డిసెంబరు తెల్లవారుజామున 20 డిగ్రీల సెల్సియస్‌తో, అంటే 293 కెల్విన్లతో, మొదలైన గాలి లెక్క ప్రకారం 515 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. రింగులు, లైనరు అరిగి గాలి కారిపోతే పదిహేడో వంతుకు నొక్కినా పన్నెండో వంతుకు నొక్కినంత ఫలితమే దక్కుతుందనుకుందాం. అప్పుడు 425 దగ్గర ఆగిపోతుంది. డీజిలు తనంతట అంటుకోవడానికి 250 డిగ్రీల లోపే చాలంటారు కదా అన్న అనుమానం రావచ్చు. అది తీరికగా వేడిచేసినప్పటి సంగతి. ఇంజనులో దానికి దొరికేది సెకనులో కొన్ని వేయో వంతులు మాత్రమే, పైగా చల్లని ఇనుము ఆ వేడిలో చాలా భాగాన్ని దారిలోనే లాగేసుకుంటుంది.

ఇక్కడే మన ఎండ ఒక మోసం చేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీల గాలితో మొదలైన అదే అరిగిన ఇంజను 470 దాటుతుంది; మొదట్లో ఉన్న 20 డిగ్రీల తేడా నొక్కేసరికి దాదాపు 48 డిగ్రీలై కూర్చుంటుంది. నిమ్మకాయకు ధర పలికే ఎండాకాలమంతా బండి ఒక్క సెల్ఫుకే స్టార్టవుతుంది కనుక ఇంజను బాగుందనుకుంటాం. చలి మొదలయ్యాక మొరాయిస్తే బ్యాటరీని తిడతాం. బ్యాటరీ తప్పు కూడా కొంత ఉంటుంది. స్టార్టరు ఇంజనును నిమిషానికి 200 చుట్లు తిప్పినప్పుడు ఒక్కో నొక్కుడుకు 0.15 సెకను పడుతుంది, 2000 చుట్ల దగ్గర అందులో పదో వంతే పడుతుంది. మెల్లగా నొక్కిన పంపులో లాగానే, నెమ్మదిగా తిరిగే ఇంజనులో గాలి కారిపోవడానికి పదింతల సమయం దొరుకుతుంది.

ఇంజను విప్పకముందు చేయగల పరీక్ష కూడా ఆ కొబ్బరినూనె కిటుకే. డీజిలు చిమ్మే నాజిల్ తీసి, ఆ స్థానంలో కంప్రెషన్ గేజి బిగించి, డీజిలు రాకుండా ఆపి సెల్ఫు కొడితే మంచి చిన్న ఇంజను సుమారు 25 నుంచి 35 బార్లు చూపిస్తుంది. తక్కువ చూపించినప్పుడు ఒక చెంచాడు ఇంజను ఆయిలు లోపల పోసి మళ్ళీ కొలవాలి. ఒత్తిడి బాగా లేస్తే లోపం రింగులదీ లైనరుదీ. కదలకపోతే వాల్వులదీ హెడ్డు గాస్కెట్టుదీ. డీజిలు ఇంజనులో పిస్టను పైన మిగిలే చోటు అతి తక్కువ కనుక చెంచాకు మించి పోయకూడదు. నూనె ఆ చోటును ఆక్రమించి అబద్ధపు ఒత్తిడి చూపించడమే కాదు, నూనె నలగదు కనుక కనెక్టింగ్ రాడ్డును వంచనూ గలదు.

లైనరు అంతటా ఒకేలా అరగదు, మన నిర్ణయం ఆ తేడా మీదే ఆధారపడుతుంది. పిస్టను నడుమ దారిలో వేగంగా పోతున్నప్పుడు రింగు నూనె పొర మీద తేలుతూ పోతుంది. పై చివర మాత్రం అది ఒక క్షణం ఆగి వెనక్కి తిరగాలి. వేగం సున్నా అయిన ఆ క్షణంలో తేలే గుణం పోతుంది. వేడి అత్యధికంగా ఉండేది అక్కడే, రింగు వెనుక ఆ అరపుట్టి బరువు పడేదీ దాదాపు అక్కడే. అందువల్ల పై రింగు మలుపు తీసుకునే చోట లైనరు ఎక్కువగా తినిపోతుంది, దానికి పైన రింగు ఎన్నడూ తాకని అంచు కొత్తదానిలా మిగిలిపోతుంది. నెల్లూరులో ఒక షెడ్డులో అరిగిన లైనరును నా చేతికిచ్చి ‘గోరు పెట్టి కిందనుంచి పైకి లాగండి సార్’ అన్నాడొక మెకానిక్కు. అద్దంలా మెరుస్తున్న గోడ మీద జారుతూ వెళ్ళిన గోరు పైనుంచి ఒక అంగుళం లోపల టక్కున ఆగింది. కంటికి కనిపించని మెట్టు గోటికి తగిలింది.

ఈ అరుగుడును తొందరపెట్టేది దుమ్ము. గూడూరు, సైదాపురం, పొదలకూరు ప్రాంతం అభ్రకానికి పేరుపడింది. దున్నినప్పుడు మట్టిలో మెరిసే కాకిబంగారం చూసి ఇంజనును తినేది అదేనని నమ్మేవారు ఉన్నారు. పాపం, అభ్రకం మెత్తనిది, ఖనిజాల గట్టిదనాన్ని ఒకటి నుంచి పది దాకా చెప్పే మోస్ కొలబద్ద మీద మూడుకు అటూఇటూ. దోషి దాని పక్కనే ఉండే పలుగురాయి, దాని కాఠిన్యం 7, లైనరు ఇనుము కంటే బాగా ఎక్కువ. నూనె పొర మందమంత ఉండే ఆ రేణువులు, అంటే వెంట్రుక మందంలో పదో వంతు మొదలుకొని ఉండేవి, రింగుకూ లైనరుకూ మధ్య చిక్కి గీతలు పెడతాయి. ఇంజనులోకి పోయే గాలిలోని దుమ్మును నూనెలో పట్టే ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనరులో అడుగున బురద చేరినా మార్చకపోవడం, దాని రబ్బరు గొట్టం చీలితే గుడ్డ చుట్టి నడపడం ఇంజను ఆయుష్షును తగ్గించినంతగా వయసు తగ్గించదు.

ఇక ఆ రైతుకు చెప్పిన కొలత. హెడ్డు, పిస్టను తీశాక, కొత్త రింగునొకదానిని లైనరులో పెట్టి, పిస్టను తలతో వంకర లేకుండా అడుగుదాకా నెట్టాలి. అక్కడ రింగు పెద్దగా తిరగదు కనుక గోడ దాదాపు కొత్త కొలతలోనే ఉంటుంది. రింగు రెండు చివరల మధ్య సందులో ఫిల్లర్ గేజి రేకు దూర్చి ఎంతుందో చూడాలి. 80 మిల్లీమీటర్ల బోరుకు 0.3 దరిదాపుల్లో ఉండాలి. తర్వాత అదే రింగును పైన మెట్టు కిందికి తెచ్చి మళ్ళీ కొలవాలి. వ్యాసం కొంచెం పెరిగితే చుట్టుకొలత దానికి 3.14 రెట్లు పెరుగుతుంది, పెరిగినదంతా ఆ ఒక్క సందులోనే కనబడుతుంది. కింద 0.30, పైన 0.93 వచ్చిందనుకోండి; తేడా 0.63ను 3.14తో భాగిస్తే లైనరు పైన 0.20 మిల్లీమీటరు అరిగిందని తేలుతుంది. బడిలో వృత్తానికి మాత్రమే పనికొస్తుందనుకున్న ‘పై’ (π) విలువ ఇక్కడ మూడింతలు పెంచి చూపించే భూతద్దమైంది. లైనరు కోలగా అరిగితే ఈ పద్ధతి సగటునే చెబుతుంది. ఏ వైపు ఎంతన్నది తేల్చడానికి లేత్ షాపులో బోర్ డయల్ గేజి కావాలి. అయినా మొదటి తీర్పుకు ఇది చాలు.

బావమరిది సలహా ఈ లెక్కలోనే ఓడిపోతుంది. 0.20 అరుగుడున్న లైనరులో కొత్త రింగు వేస్తే, అది పైకి వచ్చిన ప్రతిసారీ 0.63 మిల్లీమీటరు తెరుచుకుని, కిందికి పోయిన ప్రతిసారీ అంతే మూసుకోవాలి. 2000 చుట్ల దగ్గర ఇది నిమిషానికి 4000 కదలికలు. ఆ ఊగిసలాటలో రింగు తన గాడి పక్కలను రాపాడించి వెడల్పు చేస్తుంది, పదునైన కొత్త అంచు పైనున్న మెట్టును కొట్టుకుని విరుగుతుంది. పొగ కొన్నాళ్ళు తగ్గి, ఒక దుక్కి సీజను దాటేసరికి మునుపటికంటే ఎక్కువగా తిరిగొస్తుంది. అరుగుడు 0.1 లోపు ఉంటేనే రింగులతో సరిపెట్టడానికి నేను ఒప్పుకుంటాను.

మిగిలింది చేయించడమా, మార్చడమా అన్నది. అరిగేవి రాసుకునే చోట్లు మాత్రమే; బ్లాకు పోత ఇనుముకు పదకొండేళ్ళు ఒక వయసు కాదు. లైనరును నొక్కి తీసే రకమైతే పిస్టను, రింగులు, లైనరు కలిసిన కిట్టు వేస్తే బోరు మళ్ళీ కొత్తదవుతుంది. లైనరు లేని బ్లాకైతే 0.50 లేదా 1.00 మిల్లీమీటరు బోరింగు చేయించి పెద్ద పిస్టను వేస్తారు, ఆ అవకాశమూ అయిపోతే లోపల స్లీవు అనే కొత్త గొట్టం వేస్తారు. పిస్టను కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసును, అంటే క్రాంకును, 0.25 మిల్లీమీటరు చొప్పున మెట్లు మెట్లుగా గ్రైండింగు చేసి లావు బేరింగులు వేయవచ్చు. కంపెనీ అనుమతించిన చివరి మెట్టు దాటితే క్రాంకు మార్చాలి. ఇంజను మార్చడం గురించి ఆలోచించవలసింది బ్లాకు పగిలినప్పుడు, లైనరు కూర్చునే గట్టు తినిపోయినప్పుడు, మెయిన్ బేరింగుల వరుస వంకరపోయినప్పుడు, లేదా విడిభాగాలు దొరకనప్పుడు. ఖర్చు కొత్త ఇంజను ధరలో సగం దాటినా నేను ఒకసారి ఆగుతాను.

చెన్నై నుంచో విజయవాడ నుంచో పాత ఇంజను తెచ్చి బిగించడం మాత్రం నాకు నచ్చని దారి. దాని రింగు సందు ఎంతో ఎవరూ కొలిచి అమ్మరు, మన అరుగుడు ఇచ్చి తెలియని అరుగుడు తెచ్చుకున్నట్లవుతుంది. పైగా ఆర్.సి.లో ఇంజను నంబరు ఉంటుంది కనుక, కొత్తదైనా పాతదైనా మార్చిన ఇంజను నంబరును రవాణా కార్యాలయంలో నమోదు చేయించుకోవాలి.

ఆ రైతు కొలిచారు. కింద 0.35, పైన 1.00 వచ్చిందట, అంటే అరుగుడు 0.2 పైమాటే. బ్లాకుకు పగులు లేదు, బోరునీళ్ళు పోయడం వల్ల నీళ్ళ దారుల్లో సున్నంలా తెల్లగా పేరుకున్నది గోకితే వచ్చింది, క్రాంకు ఇంతవరకు గ్రైండింగు చూడలేదు. మెకానిక్కు మాటే నెగ్గింది.

చేయించిన తర్వాత సంగతి ఒకటి చెప్పాలి. కొత్త ఇంజనును రోజంతా ఖాళీగా ఐడిల్‌లో పెట్టి ‘సెట్టు’ చేయడం మన షెడ్లలో ఆనవాయితీ. లైనరు గోడ మీద హోనింగుతో, అంటే సానరాళ్ళతో రుద్ది, పెట్టిన అడ్డగీతల శిఖరాలు రింగుతో కలిసి అరిగితేనే రెండూ ఒకదానికొకటి ఒదుగుతాయి; రింగును గోడకు నొక్కేది వాయువు ఒత్తిడి, ఖాళీ ఇంజనులో అది చాలినంత ఉండదు. నొక్కుడు లేని రింగు కింద నూనె కాలి, గాజులాంటి పూత కట్టి, గీతలను పూడ్చేస్తుంది, ఆ తర్వాత రింగు ఒదగదు. ఆయన తన తోట నిమ్మకాయలనే చక్రాల కింద పెట్టి తొక్కించారట. దానికి నాకేమీ అభ్యంతరం లేదు. ఇంజను వేడెక్కగానే కల్టివేటరు తగిలించి, మరీ లోతుకు దించకుండా, వేగం మారుస్తూ తోటలో నాలుగు సాళ్ళు దున్నమన్నాను. మొదటి 50 గంటలకే ఆయిలు, ఫిల్టరు మార్చి, హెడ్డు బోల్టులు, ట్యాపెట్లు చూపించమనీ, దింపిన ఆయిలును పారబోసే ముందు ఒక గిన్నెలో ఎండకు పెట్టి చూడమనీ చెప్పాను. ఒదుగుతున్న రింగులు, లైనరు విడిచిన సన్నని ఇనుప పొడి అందులో మెరుస్తూ కనిపిస్తుంది.