సైకిల్ దారుల మ్యాపు: అపోహలు - వాస్తవాలు

చంద్రగిరి నుంచి తిరుపతికి సైకిల్ మీద పనికి వచ్చే మనిషికి మధ్యలో హద్దులేవీ కనపడవు. పంచాయతీ రోడ్డు మీద బయల్దేరతాడు, ఆర్ అండ్ బీ రోడ్డు ఎక్కుతాడు, కార్పొరేషన్ రోడ్డులోకి దిగుతాడు. ఆయనకు దారి ఒక్కటే. దాని కాగితాలు మాత్రం మూడు ఆఫీసుల్లో, మూడు రకాలుగా ఉంటాయి. ఆ కాగితాలు సేకరించి, రోడ్డు మీదికి వెళ్లి సరిచూసి, అన్నిటినీ ఒకే మ్యాపు మీదికి తేవడం నా పని. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఈ జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల) పని చేస్తూ ఆఫీసుల్లో, టీ బంకుల దగ్గర, చుట్టాల ఇళ్లలో పదేపదే విన్న మాటలు కొన్ని ఉన్నాయి. అన్నవాళ్లు మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆ మాటలు నమ్మి పని చేస్తే, సైకిల్ తొక్కేవాళ్లే మ్యాపులో లేకుండా పోతారు.

అపోహ: ఈ కాలంలో సైకిల్ ఎవరు తొక్కుతున్నారు? లెక్కపెట్టడానికి ఏముంది?

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద దాదాపు 45 శాతం ఇళ్లలో సైకిల్ ఉన్నట్టు తేలింది. పనికి ఎలా వెళ్తున్నారని కూడా అప్పుడు అడిగారు. సైకిల్ మీద అన్నవాళ్లు నూటికి 13 మంది దాకా ఉన్నారు. ఆ ప్రశ్న వ్యవసాయం చేసేవాళ్లను, ఇంటిపట్టున కుటీర పనులు చేసుకునేవాళ్లను అడగలేదు. బడికెళ్లే పిల్లలు ఆ లెక్కలో లేనే లేరు. మన రాష్ట్రంలో బడికొస్తా పథకం కింద తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. సాయంత్రం బడి వదిలాక ఏ మండల కేంద్రంలో నిలబడినా ఆ సైకిళ్లు వరసగా కనిపిస్తాయి.

కనపడటం లేదనేవాళ్లు రోడ్డు చూసే వేళ వేరు. ఆఫీసులు తెరిచే పదింటికి లీలామహల్ సర్కిల్‌లో నిలబడితే బైకులు, ఆటోలు, యాత్రికుల జీపులే. తెల్లవారుజామున ఐదున్నరకు రండి. పేపర్ కుర్రాళ్లు, పాల క్యాన్లు కట్టుకున్నవాళ్లు, రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మెన్లు, టిఫిన్ క్యారియర్ హ్యాండిల్‌కు తగిలించుకుని కట్టుబడి పనికెళ్లే మేస్త్రీలు. మేం లెక్కపెట్టే కాగితం మీద పావుగంటకో గడి ఉంటుంది. ఒక్కో సైకిల్‌కు ఒక నిలువు గీత, ఐదో సైకిల్‌కు అడ్డగీత. పక్కనే ఇంకో చిన్న గడి పెట్టుకున్నాం: ఎదురుదిశలో వచ్చినవాళ్లకు. ఆ గడి ఎక్కువగా నిండిన చోటుకు వెళ్లి చూస్తే, డివైడర్‌లో దాటే సందు చాలా దూరాన ఉంటుంది. రాంగ్‌సైడ్ వస్తున్నారని వాళ్లను తిట్టి ఊరుకుంటే ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

రోజు ఎంచుకోవడం కూడా ముఖ్యమే. బ్రహ్మోత్సవాలప్పుడు తిరుపతిలో, పంచమీతీర్థం రోజున తిరుచానూరు రోడ్డులో లెక్కపెడితే ఆ అంకె ఎందుకూ పనికిరాదు. మామూలు మంగళవారం, మామూలు బుధవారం కావాలి. ఫిట్‌నెస్ యాప్‌ల నుంచి డేటా కొనుక్కోవచ్చు కదా అని కొందరంటారు. వ్యాయామం కోసం తొక్కుతూ ఫోన్‌లో రికార్డు చేసుకునేవాళ్లే వాటిలో ఎక్కువగా ఉంటారు. పాలాయన ఏ యాప్‌లోనూ కనిపించడు.

అపోహ: గూగుల్ మ్యాప్స్‌లో అన్నీ ఉన్నాయి కదా, అక్కడి నుంచి దించుకుంటే సరిపోతుంది.

చూసుకోవడానికి వాడుకోవచ్చు, దానిమీంచి గీసుకుని మన డేటా అని పెట్టుకోకూడదు. ఆ కంపెనీ షరతులు అందుకు ఒప్పుకోవు. అందుకే మేం 2004లో మొదలైన, జనమే కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను ఆధారంగా తీసుకుంటాం. ఎక్కడి నుంచి తీసుకున్నామో చెప్పి, దాని లైసెన్సు షరతులు పాటిస్తే ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా సరిదిద్దవచ్చు. సైకిల్ దారి విడిగా ఉందా, రోడ్డు మీదే గీత గీసి ఇచ్చారా, ఎడమ పక్కా, కుడి పక్కా, నేల ఎలా ఉంది అని రాయడానికి దాంట్లో ముందే పద్ధతి ఉంది.

అపోహ: మ్యాపు చేయాలంటే ఢిల్లీ నుంచి పర్మిషన్ రావాలి.

2021 ఫిబ్రవరి 15న కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలతో ఆ రోజులు పోయాయి. మన దేశంలోని వ్యక్తులు, సంస్థలు ముందస్తు అనుమతి లేకుండానే మ్యాపు డేటా సేకరించవచ్చు. రక్షణకు సంబంధించిన కొన్ని సున్నితమైన వివరాల మీద మాత్రం నిబంధనలున్నాయి. సైకిల్ ట్రాక్ వెడల్పు వాటిలోకి రాదు. అయినా రోడ్డు మీద టేపు పట్టేముందు ఆ ఊరి ఇంజినీరుకు ఒక మాట చెబుతాం. అది మర్యాద, పైగా చెప్పకుండా వెళ్తే రోడ్డు వెడల్పు చేస్తారేమోనని షాపులవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది.

అపోహ: మున్సిపాలిటీలో డేటా రెడీగా ఉంటుంది, లెటర్ పెడితే ఇచ్చేస్తారు.

అక్కడ ఉండేది మ్యాపు కాదు. ఎస్టిమేటు, ఎం బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం), బిల్లు, ఎప్పుడో కన్సల్టెంట్ కంప్యూటర్‌లో గీసిచ్చిన ఆటోక్యాడ్ డ్రాయింగ్. ఆ డ్రాయింగ్‌కు భూమి మీది అక్షాంశ రేఖాంశాలతో లింకు ఉండదు కాబట్టి మ్యాపులో తెరిస్తే సముద్రంలో ఎక్కడో పడుతుంది. దాన్ని తెచ్చి సరైన వీధి మీద కూర్చోబెట్టడానికే సగం రోజు పోతుంది.

మా ప్రాంతంలో ఒక పట్టణంలో జరిగింది చెబుతాను. ఎం బుక్‌లో సైకిల్ ట్రాక్ గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది: చెయినేజ్ 0/000 నుంచి 1/150 వరకు, ఎడమ పక్క. చెయినేజ్ అంటే సున్నా గుర్తు నుంచి రోడ్డు వెంట కొలిచిన దూరం. అంటే 1,150 మీటర్లు. బాగానే ఉంది, కానీ సున్నా ఎక్కడ? ఎటు వైపు నిలబడితే ఎడమ? ఆ పుస్తకం రాసిన ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ట్రాన్స్‌ఫర్ అయ్యారు. ఇప్పుడున్న ఏఈ చిన్న కుర్రాడు, ఓపిగ్గా ఫైలంతా తిరగేశాడు. "మేడమ్, ఇందులో ఇంతే ఉంది" అన్నాడు. చివరికి అప్పట్లో ఆ పనిలో కూలీలను పెట్టించిన మేస్త్రీని పిలిపించాడు. అరవై దాటిన పెద్దాయన. నేరుగా ఒక రావిచెట్టు కాడికి తీసుకెళ్లాడు. చెట్టు మొదలుకు కాలు ఆనించి, "ఈడ్నుంచే టేపు పట్టినాము మ్మా. అప్పుడు ఈ డివైడర్ లేదు" అన్నాడు.

అక్కడి నుంచి టేపు పట్టుకుంటూ వెళ్తే 1,150 మీటర్లు సరిగ్గా ఒక కల్వర్టు గోడ దగ్గర తేలింది. లెక్క కుదిరింది. కానీ చివరి 300 మీటర్లలో ట్రాక్ లేదు. తాగునీటి పైపు కోసం తవ్వి, మట్టి పూడ్చి వదిలేశారు. ఎర్ర రంగు వేసిన కాంక్రీటు ముక్కలు రెండు కాలువ అంచున పడి ఉన్నాయి. మా టీములో ఒకరు, ఫైలులో అబద్ధం రాశారు అన్నారు. నేను ఒప్పుకోలేదు. బిల్లు పెట్టిన రోజున అది నిజమే. మేం చూసిన రోజున నిజం వేరు. అందుకే ఆ దారిని రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు రెండు తేదీలు రాశాం: కట్టిన తేదీ, కంటితో చూసిన తేదీ. ఆ రోజు నుంచి మా పట్టికలో ఈ రెండు గడులూ ఖాళీగా ఉంటే ఆ గీతను మ్యాపులో చేర్చడం లేదు. సున్నా ఎక్కడుందో, అది ఎవరు చెప్పారో కూడా రాస్తున్నాం. ఆ రావిచెట్టు ఇప్పుడు మా డేటాలో ఒక పాయింటు.

అపోహ: గీత గీస్తే మ్యాపు అయిపోయినట్టే.

ప్రపోజల్‌లో ఉన్నది, మంజూరైనది, పని నడుస్తున్నది, ఇవాళ సైకిల్ పోగలిగేది. ఈ నాలుగింటికీ ఒకే రంగు వేసిన మ్యాపులు చాలా చూశాను. అలాంటి మ్యాపు నమ్మి ఒక తల్లి తన బిడ్డను సైకిల్ మీద బడికి పంపితే ఏమవుతుందని నాకు ప్రతిసారీ భయమేస్తుంది. స్థితి అనే గడి లేని మ్యాపు ప్రమాదం.

పేర్ల గొడవ ఇంకొకటి. ఒక ఊరిలో సైకిల్ ట్రాక్ అంటే కెర్బ్‌తో, అంటే ఎత్తుగా కట్టిన అంచుతో వేరు చేసిన దారి. ఇంకో ఊరిలో రోడ్డు అంచున వేసిన తెల్లగీత. మూడో చోట సైకిల్ బొమ్మ ఉన్న బోర్డు మాత్రమే. ఇది మన ఒక్కరి సమస్యే కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో బే ప్రాంతంలో 9 కౌంటీలు (మన జిల్లాల్లాంటివి), 101 పట్టణాలు, నగరాలు ఉన్నాయి. ఊరూరా ఒక్కో రకంగా రాసుకున్న డేటాను ఒక్క పద్ధతిలోకి తేవాలంటే అక్కడా ముందు కావాల్సింది ఉమ్మడి పేర్లే. కాలిఫోర్నియాలో సైకిల్ దారులు నాలుగు తరగతులు. వాహనాల నుంచి అడ్డుకట్టతో వేరు చేసిన దారిని నాలుగో తరగతిగా చేర్చింది 2014లో వచ్చిన చట్టంతోనే. ఆ తరగతులను మనం యథాతథంగా దించుకోనక్కర్లేదు. మేం పేరు అడగడం మానేసి, కంటికి కనిపించేదే అడుగుతున్నాం: మధ్యలో కెర్బ్ ఉందా? గీత ఉందా? టేపు పట్టి చూస్తే వెడల్పు ఎంత? డ్రైనేజీ చాంబర్ మూతలు నేలకు సమంగా ఉన్నాయా? ట్రాక్ మీద ఆటోస్టాండు, బజ్జీల బండి ఉంటే ట్రాక్ లేదని రాయం. ట్రాక్ ఉందని ఒక గడిలో, అడ్డం ఏముందో ఏ వేళలో ఉందో పక్క గడిలో రాస్తాం. బండి ఆయనకు వేరే చోటు చూపించాలా, ట్రాక్‌నే పక్కకు జరపాలా అన్నది ఊరివాళ్లు కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి.

అపోహ: మొత్తం ఎన్ని కిలోమీటర్లు? ఒక్క అంకె చెప్పండి చాలు.

మీటింగుల్లో అందరికీ కావాల్సింది ఇదే. కిలోమీటరు పొడవున్న రోడ్డుకు రెండు పక్కలా ట్రాక్ ఉంటే అది ఒక కిలోమీటరా, రెండా? ఒక ఆఫీసు ఒకటని, ఇంకో ఆఫీసు రెండని రాస్తే, కూడిన అంకెకు అర్థమే ఉండదు. మేం రెండూ విడివిడిగా రాస్తాం. ఇంకో చిన్న పొరపాటు కూడా తరచూ జరుగుతుంది. అక్షాంశ రేఖాంశాల్లో ఉన్న ఫైలులో నేరుగా పొడవు లెక్కిస్తే డిగ్రీల్లో వస్తుంది. మన దగ్గర ఉత్తర దక్షిణాల డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు, తూర్పు పడమరలది సుమారు 108. రెండూ ఒకటి కావు. పాత చిత్తూరు జిల్లా కుప్పం నుంచి సత్యవేడు దాకా, మీటర్లలో కొలిచే యూటీఎం అనే మ్యాపు పద్ధతిలో 44వ జోన్‌లోనే ఉంటుంది. ఫైలును దానిలోకి మార్చాకే మీటర్లు లెక్కపెట్టాలి.

అపోహ: ఫోన్ జేబులో పెట్టుకుని తొక్కుకుంటూ పోతే మ్యాపు దానంతటదే వస్తుంది.

ఆకాశం బాగా కనిపించే చోట కూడా ఫోన్ జీపీఎస్ తేడా 5 మీటర్ల దాకా ఉంటుంది. చిన్న వీధిలో 5 మీటర్లంటే ఈ పక్క ట్రాక్ ఆ పక్కకు వెళ్లిపోయినట్టే. ఎత్తయిన లాడ్జీల మధ్య, ఫ్లైఓవర్ కింద ఇంకా ఎక్కువ. దారి ఎటు పోయిందో తెలుసుకోవడానికి ఫోన్ చాలు. ఏ పక్క ఉందో మనిషి చూసి రాయాల్సిందే.

2023లో తెరిచిన తిరుపతి ఫ్లైఓవర్ శ్రీనివాస సేతు దగ్గర ఇంకో చిక్కు ఉంది. పైనొక రోడ్డు, కిందొక రోడ్డు. మ్యాపులో రెండు గీతలు ఒకదాన్నొకటి దాటిన ప్రతిచోటా ముడి వేస్తే, కంప్యూటరు కింద పోయే సైకిల్‌ను ఉన్నపాటున వంతెన మీదికి ఎక్కించేస్తుంది. నిజంగా ఎక్కే చోట, దిగే చోట మాత్రమే ముడి వేయాలి. రైల్వే అండర్ బ్రిడ్జిలకూ ఇలాగే విడిగా ఒక గడి పెట్టాం: వానకు నీళ్లు నిలుస్తాయా? 2021 నవంబరు వానలు చూసినవాళ్లకు ఆ గడి ఎందుకో చెప్పక్కర్లేదు.

అపోహ: ఒకసారి సర్వే చేస్తే పదేళ్లు చూసుకోనక్కర్లేదు.

ఆ 300 మీటర్ల పైపు కందకమే దీనికి జవాబు. మళ్లీ మళ్లీ చూసేదెవరు అన్నదే అసలు ప్రశ్న. బయటి నుంచి వచ్చే మాలాంటివాళ్లం ఏడాదికోసారి రాగలమేమో. వార్డు సచివాలయాల్లో ప్లానింగ్ సెక్రటరీ, అమెనిటీస్ సెక్రటరీ ఉన్నారు. కాలువ ఎప్పుడు తవ్వారో, స్లాబ్ ఎప్పుడు వేశారో వాళ్లకు ఆ రోజే తెలుస్తుంది. వాళ్లకు పెద్ద సాఫ్ట్‌వేర్ నేర్పాల్సిన పని లేదు. తమ వార్డు మ్యాపు ప్రింటు ఒకటి, మూడు గడుల కాగితం ఒకటి ఇస్తే చాలు: ఎక్కడ, ఏం మారింది, ఏ తేదీన చూశారు. ఆ కాగితం ఫొటో తీసి పంపితే మిగతాది మేం క్యూజీఐఎస్ అనే మ్యాపు సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించుకుంటాం. వచ్చిన ప్రతి ఫొటోకు, దాంతో మారిన మ్యాపు ముక్కను తిరిగి వాళ్లకే పంపుతాం. మొన్న ఒక అమ్మాయి పంపిన కాగితంలో మూడు గడుల కింద పెన్సిల్‌తో ఇంకో లైను రాసి ఉంది: "మేడమ్, పైపు పని అయిపోయింది, కానీ బడి ముందర 40 మీటర్లు ఇంకా మట్టే. పిల్లలు దిగి తోసుకుంటూ పోతున్నారు." ఈ సోమవారం టేపు తీసుకుని అక్కడికి వెళ్తున్నాం. ఆ ఏఈ కూడా వస్తానన్నాడు.