రెల్లు గడ విప్పి చూడండి

చిన్నీ, బుజ్జీ,

దసరా సెలవులకి వస్తున్నారని మీ అమ్మ ఫోన్ చేసింది. అప్పటికి కాలవ గట్టంతా రెల్లు పూసి తెల్లగా ఉంటుంది. ఫొటోలతో సరిపెట్టకుండా ఈసారి ఒక గడ కోసి చూడండి. ఆకు అంచుతో మాత్రం జాగ్రత్త. అంచు పొడవునా రంపంలా సన్నని పళ్లుంటాయి. ఇసుకలో ఉండే సిలికాయే వాటికి ఆ గట్టిదనం ఇస్తుంది. పళ్ల మొనలు కొసవైపు ఉంటాయి కాబట్టి కొస నుంచి కిందికి దూస్తే వేలు తెగుతుంది.

ముందు కణుపు చూడండి. ఆకు పుట్టేది అక్కడే. పుట్టగానే విడిగా సాగదు, కొంతదూరం గడని ఒరలా చుట్టుకుని, ఆ తర్వాతే బయటికి వంగుతుంది. ఒర వలిచేసి, గడ పైభాగాన్ని పట్టుకుని మెల్లగా లాగండి. కణుపుకి కాస్త పైన పుటుక్కున ఊడుతుంది. ఊడిన చోట తెల్లగా, మెత్తగా ఉంటుంది. చిన్నప్పుడు మేం ఆ ముక్క నమిలేవాళ్లం. అదే గడ్డి పెరిగే చోటు. మామిడి మొక్క చిగురు గిల్లితే ఆ కొమ్మ అక్కడితో ఆగి పక్కనుంచి కొత్త కొమ్మలు వేస్తుంది. గడ్డికి ఆ బెంగ లేదు. గేదె పైపైన ఎంత మేసినా కింద కణుపు దగ్గర పెరుగుదల సాగుతూనే ఉంటుంది. వరదకి పడిపోయిన గడ మళ్లీ పైకి వంగి లేచేదీ కణుపు దగ్గరే. కింది వైపు ఎక్కువ పెరిగి గడని పైకి తిప్పుతుంది. నాకైతే రెల్లులో అన్నిటికంటే ముచ్చటైనది ఇదే.

గట్టు తెగిన చోట మట్టిలో అడ్డంగా పాకే తీగలు కనిపిస్తాయి. వేళ్లనుకునేరు! వాటికీ కణుపులున్నాయి, వేరుకి ఉండవు. అవి నేలలో దాగిన కాండాలు. ముక్క తెగి కొట్టుకుపోయినా కణుపు దగ్గరి మొగ్గ ఇంకో చోట దుబ్బు కడుతుంది. లంకల్లో కొత్త ఇసుక మేటని ముందుగా పట్టుకునే వాటిలో రెల్లు ఒకటి.

పక్కనే తుంగ కూడా ఉంటుంది. దాని కాడ వేళ్ల మధ్య దొర్లిస్తే మూడు అంచులు తగులుతాయి, కణుపులు తగలవు. చూపుకి గడ్డే గానీ దాని కుటుంబం వేరు. జమ్ముదీ ఇంకో కుటుంబమే.

తెల్లటి కుచ్చులో కనిపించేవి రేకులు కావు, వెంట్రుకలు. బుల్లి కంకులు జతలు జతలుగా ఉంటాయి, వాటి అడుగున ఈ పట్టు వెంట్రుకలు. పువ్వులో తేనె లేదు, పుప్పొడిని గాలే మోస్తుంది. గింజని ఎగరేసుకుపోయేదీ గాలే.

బుజ్జిగాడికి చెరకంటే ప్రాణం కదా, వాడికో కబురు. రెల్లు చెరకుకి దగ్గరి చుట్టం. 1912లో కోయంబత్తూరులో బార్బర్, వెంకట్రామన్ అనే చెరకు శాస్త్రవేత్తలు ఈ రెండింటినీ సంకరం చేశారు. దాంట్లోంచి వచ్చిన కో 205 రకం 1918లో పంజాబు వైపు రైతులకి అందింది. ఇప్పుడు సాగులో ఉన్న చెరకు రకాల్లోనూ రెల్లు వారసత్వం కొంత ఉంది.

గడ కోసేటప్పుడు గట్టు మీదే నిలబడండి. దుబ్బుల్లోకి చెయ్యి పెట్టొద్దు, పాములుంటాయి. కత్తి పీట నేనిస్తాను.

మీ అమ్మమ్మ