మరియమ్మ గురించి అపోహలు - వాస్తవాలు: ఒక ప్రొటెస్టెంట్ పాస్టరు మాట

డిసెంబరు వస్తే మా చర్చిల్లో క్రిస్మస్ నాటకంలో మరియ పాత్ర ఏ అమ్మాయికి ఇవ్వాలా అని మాట్లాడుకుంటాం. పండగ అయిపోయాక మళ్లీ ఏడాది దాకా ఆమె పేరు ప్రసంగాల్లో వినిపించదు. లూథరన్ పాస్టరుగా, బైబిల్ క్లాసులు చెప్పేవాడిగా నాకు ఇది నిజంగా బాధగా ఉంటుంది. ఆమె గురించి కాస్త ఎక్కువ మాట్లాడితే ఆర్‌సీఎం (రోమన్ కేథలిక్) వాళ్లమైపోతామేమోనని మనవాళ్లకు ఒక టెన్షన్. కేథలిక్ బంధువులేమో "మీకు యేసు కావాలి గానీ ఆయన తల్లి అక్కర్లేదా?" అని నిష్ఠూరమాడతారు. ఇళ్లల్లో, క్లాసుల్లో నన్ను ఎక్కువగా అడిగే విషయాలే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మరియమ్మను పక్కన పెట్టడంతోనే ప్రొటెస్టెంట్ సంఘం మొదలైంది.

వాస్తవం: ప్రొటెస్టెంట్ ఉద్యమానికి ఆద్యుడైన మార్టిన్ లూథర్‌ను 1521 జనవరిలో పోపు కేథలిక్ సభ (చర్చి) నుంచి వెలివేశారు. ఏప్రిల్‌లో ఆయన వర్మ్స్ పట్టణంలో చక్రవర్తి ముందు నిలబడి, రాసినవి వెనక్కి తీసుకోనన్నారు. ఆ తర్వాత ఆయన ప్రాణానికే ముప్పు రావడంతో వార్ట్‌బర్గ్ కోటలో అజ్ఞాతంగా ఉండాల్సి వచ్చింది. ఆ కోటలో ఆయన పూర్తిచేసిన పుస్తకాల్లో ఒకటి మరియ పాటకు వ్యాఖ్యానం. లూకా మొదటి అధ్యాయంలో "నా ప్రాణము ప్రభువును ఘనపరచుచున్నది" అని మొదలయ్యే పాట అది. రోమ్‌తో తెగిపోయిన ఏడాదే ఆయన ఆమె మాటల దగ్గర కూర్చుని ఒక్కో వాక్యాన్నీ వివరించారు.

అందులో ఆయన చెప్పిన ముఖ్యమైన సంగతి ఇది. మరియ గొప్ప వినయం చూపినందుకు దేవుడు ఆమెకు బహుమతి ఇవ్వలేదు. లోకం లెక్కచేయని ఒక పేదింటి పిల్లను ఆయన చూశాడు. కాబట్టి ఆమెను చూసినవాళ్లు ఆమె దగ్గరే ఆగిపోకూడదు, ఆమెను చూసిన దేవుని దగ్గరకు వెళ్లాలి. ఆమెకు నిజమైన గౌరవం అదే అంటారు లూథర్. నిజం చెప్పాలంటే ఆ పుస్తకం ముందుమాటలో, దీన్ని సరిగ్గా వివరించే జ్ఞానాన్ని దేవుని తల్లి తనకు ఇప్పించాలని కూడా ఆయన కోరుకున్నారు. పరిశుద్ధులను వేడుకోవడం మీద లూథరన్ల నిర్ణయం ఇంకా స్థిరపడని రోజులవి. 1522లో జ్యూరిక్‌లో ఇంకో ప్రొటెస్టెంట్ నాయకుడు జ్వింగ్లీ కూడా మరియ మీద ఒక ప్రసంగాన్ని అచ్చు వేయించారు. ఈ రోజు మన సంఘాల్లో కనిపించే మౌనం ఆ తొలితరం పెద్దల నుంచి వచ్చింది కాదు.

అపోహ: కేథలిక్కులకు మరియమ్మ ఒక దేవత.

ఈ మాట మన పుల్పిట్ల మీద నుంచి చాలా తేలిగ్గా దొర్లుతుంది. "నీ పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదు" అన్న ఆజ్ఞ కేథలిక్ పొరుగువారి విషయంలో కూడా వర్తిస్తుందని మనం గుర్తుంచుకోవాలి. ఆరాధన దేవునికి మాత్రమే అని కేథలిక్ సభ బోధిస్తుంది. మరియకు మిగతా పరిశుద్ధులందరికన్నా ఎక్కువ గౌరవం ఇస్తుంది గానీ ఆమె సృష్టి కాదనీ, త్రిత్వంలో భాగమనీ ఎక్కడా చెప్పదు. నాలుగో శతాబ్దంలోనే కొందరు స్త్రీలు మరియ పేరున రొట్టెలు అర్పిస్తుంటే ఎపిఫానియస్ అనే బిషప్పు గట్టిగా ఖండించారు. మరియను గౌరవించండి, ఆరాధన మాత్రం దేవునికే చెందాలి అన్నది ఆయన మాటల సారం. 2025 నవంబరులో వాటికన్ కూడా మరియను 'సహరక్షకి' (రక్షణ కార్యంలో యేసుతో పాలుపంచుకున్నామె) అని పిలవడం తగదని ప్రకటించింది.

మరి మనకూ వాళ్లకూ తేడా లేదా? ఉంది, చిన్నదేమీ కాదు. అది ఎక్కడుందో చూడాలంటే జపమాల పట్టుకుని వాళ్లు చెప్పే ప్రార్థననే చూద్దాం. "దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా వందనము" అని మొదలయ్యే మొదటి సగం గబ్రియేలు దూత, మరియ బంధువు ఎలీసబెతు పలికిన మాటల నుంచి వచ్చింది. ఆ మాటలు మన బైబిల్లోనూ ఉన్నాయి, మనమూ చదువుతాం. రెండో సగంలో, మా కోసం ఇప్పుడూ మా మరణ సమయంలోనూ ప్రార్థించమని ఆమెను వేడుకుంటారు. మనం ఆగిపోయేది అక్కడ.

కేథలిక్ సోదరుడు ఒక మంచి ప్రశ్న వేస్తాడు: "నా కోసం ప్రార్థన చేయండి పాస్టరుగారూ అని మీ విశ్వాసులు మిమ్మల్ని అడుగుతారు కదా, మరియమ్మను అడిగితే తప్పేంటి?" దీన్ని కొట్టిపారేయకుండా జవాబు చెప్పాలి. బతికున్న విశ్వాసులు ఒకరి కోసం ఒకరు ప్రార్థించమని వాక్యం ఆజ్ఞాపిస్తోంది. ఈ లోకం విడిచి వెళ్లినవాళ్లను పిలిస్తే వింటారని గానీ, వాళ్లను పిలవమని గానీ వాక్యంలో ఆజ్ఞా లేదు, వాగ్దానమూ లేదు. ప్రార్థన వాగ్దానం మీద నిలబడేది. దేవునికీ నరులకూ మధ్యవర్తి ఒక్కడే, ఆయన క్రీస్తు యేసు అని పౌలు తిమోతికి రాశాడు. లూథరన్ల విశ్వాస ప్రకటన అయిన 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు 21వ అంశంలో మేం చెప్పుకున్నది కూడా ఇదే: పరిశుద్ధులను జ్ఞాపకం చేసుకోవచ్చు, వాళ్ల విశ్వాసాన్ని చూసి నేర్చుకోవచ్చు, వాళ్లను వేడుకోవడం మాత్రం లేఖనం నేర్పలేదు. మరుసటి ఏడాది దాన్ని సమర్థిస్తూ రాసినప్పుడు లూథర్ సహచరుడు మెలాంక్తన్ ఇంకో అడుగు ముందుకేశారు. మరియ సంఘం కోసం ప్రార్థిస్తోందనే అనుకుందాం, అయినా మరణాన్ని జయించేది, జీవమిచ్చేది క్రీస్తే కదా అన్నారు. ఆమె అత్యున్నత గౌరవానికి అర్హురాలనీ, కానీ తనను క్రీస్తుతో సమానం చేయాలని ఆమె కోరుకోదనీ రాశారు. ఇంతకన్నా మర్యాదగా ఈ తేడాను చెప్పినవాళ్లను నేను చూడలేదు.

అపోహ: కేథలిక్కులు చెప్పే 'నిష్కళంక గర్భం' అంటే యేసు కన్యకు పుట్టడం.

కాదు. యేసు కన్య మరియకు పుట్టాడని మనమూ వాళ్లూ కలిసే నమ్ముతాం, విశ్వాస ప్రమాణంలో కలిసే చెబుతాం. 1854లో తొమ్మిదో పయస్ పోపు ప్రకటించిన సిద్ధాంతం వేరు. మరియ తన తల్లి కడుపులో పడిన క్షణం నుంచే జన్మపాపం (మనుషులందరికీ పుట్టుకతో వచ్చే పాపం) అంటకుండా దేవుడు ఆమెను కాపాడాడన్నది అది. దీన్ని మనం ఒప్పుకోం. ఆమే తన పాటలో దేవుణ్ణి "నా రక్షకుడు" అంది. పాపంలో పడకముందే కాపాడడం కూడా రక్షణే కదా అని కేథలిక్కులు జవాబిస్తారు. అయితే ఆమె విషయంలో అలా జరిగిందని లేఖనం ఎక్కడా చెప్పదు. 13వ శతాబ్దంలో కేథలిక్ సభ మహా పండితుడు థామస్ అక్వినాస్ కూడా ఈ అభిప్రాయాన్ని ఒప్పుకోలేదు. ఆమె శరీరంతో సహా పరలోకానికి కొనిపోబడిందన్న సిద్ధాంతాన్ని పన్నెండో పయస్ పోపు 1950 నవంబరు 1న ప్రకటించారు. ఆమె చివరి రోజుల గురించి లేఖనం ఏమీ చెప్పలేదు కాబట్టి మనమూ అక్కడ ఆగిపోతాం. యోయాకీము, అన్న అని ఆమె తల్లిదండ్రులకు చెప్పే పేర్లు కూడా బైబిల్లోవి కావు, రెండో శతాబ్దపు ఒక గ్రంథంలోవి.

అపోహ: 'దేవుని తల్లి' అనకూడదు, అది మన మాట కాదు.

మనవాళ్లు ఉలిక్కిపడేది ఈ మాట దగ్గరే. దేవుడికి తల్లేమిటి, ఆయన అనాది కదా అంటారు. 431లో ఎఫెసులో జరిగిన బిషప్పుల మహాసభలో చర్చకు వచ్చింది మరియ గొప్పతనం కాదు, యేసు ఎవరు అన్న ప్రశ్న. ఆమె కన్న బిడ్డ ఒక మనిషి, అతనిలో దేవుడు వచ్చి చేరాడు అంటే యేసు ఇద్దరైపోతాడు. ఆ పసివాడే దేవుడు అని ఒప్పుకుంటే అతణ్ణి కన్నామె దేవుని తల్లే. దైవత్వానికి ఆమె మూలమని దీని అర్థం కాదు. 1577 నాటి మా లూథరన్ ఒప్పుకోలు ఈ బిరుదును స్పష్టంగా అంగీకరించింది. ప్రసంగంలో వాడమని నేనెవరినీ బలవంతపెట్టను. కానీ దాన్ని తప్పు అన్నవాళ్లు, పశువుల తొట్టిలో పడుకున్నది ఎవరో తాము ముందు చెప్పాలి.

అపోహ: యేసే తన తల్లిని లెక్కచేయలేదు, ఇక మనకెందుకు?

దీనికి చూపించే వచనాలు రెండు. తల్లీ సోదరులూ బయట నిలబడి పిలిపిస్తే, దేవుని చిత్తం చేసేవాళ్లే నా తల్లి, నా సోదరులు అన్నాడు. ఇంకోసారి జనంలోంచి ఒకామె నిన్ను మోసిన గర్భం ధన్యమని కేక వేస్తే, దేవుని వాక్యం విని దాన్ని గైకొనేవాళ్లు మరింత ధన్యులు అన్నాడు. వాక్యం విని గైకొనడంలో మరియను మించిన ఉదాహరణ ఎవరున్నారు? "నీ మాట చొప్పున నాకు జరుగును గాక" అన్నది ఆమే. నమ్మింది కాబట్టి ధన్యురాలని ఎలీసబెతు ఆమెను ముందే పొగిడింది. అంటే రక్తసంబంధం కన్నా ఆమె విశ్వాసమే పెద్దదని యేసు చెబుతున్నాడు. అది ఆమెను తగ్గించడం ఎలా అవుతుంది?

ఆమెకు అన్నీ అర్థమయ్యాయని కూడా సువార్తలు చెప్పవు. పన్నెండేళ్ల యేసు దేవాలయంలో అన్న మాట ఆమెకు అర్థం కాలేదని లూకా రాశాడు. అర్థం కాకపోయినా ఆమె ఆయన్ని విడిచిపోలేదు. సిలువ దగ్గర ఉంది, ఆయన ఆరోహణం తర్వాత మేడగదిలో శిష్యులతో కలిసి ప్రార్థనలో ఉంది. పిల్లల దారి అర్థం కాక కుమిలిపోయే తల్లులు మా సంఘంలో చాలామంది ఉన్నారు. వాళ్లకు నేను మరియ జీవితాన్నే చదివి వినిపిస్తాను.

యేసు తమ్ముళ్ల సంగతి కూడా తరచూ అడుగుతారు. యాకోబు, యోసే, యూదా, సీమోను అని మార్కు పేర్లు చెప్పాడు, చెల్లెళ్లూ ఉన్నారన్నాడు. మనలో చాలామంది వీళ్లను యోసేపు, మరియల పిల్లలనే చదువుతాం, నేనూ అంతే. లూథర్, జ్వింగ్లీ మాత్రం ఆమె చివరిదాకా కన్యే అని నమ్మారు. దీని మీద గొడవపడి విడిపోవాల్సిన పని లేదు.

అపోహ: మరియ అంటే తల వంచుకుని నిలబడే నోరులేని పిల్ల.

మన నాటకాలు నేర్పింది ఇదే. ఆమె పాట పూర్తిగా చదవండి. దేవుడు గర్విష్ఠులను చెదరగొట్టాడు, బలవంతులను సింహాసనాల మీద నుంచి పడదోశాడు, దీనులను పైకెత్తాడు, ఆకలిగొన్నవాళ్లను తృప్తిపరచి ధనవంతులను వట్టిచేతులతో పంపాడు అని పాడింది. హేరోదు రాజ్యం చేస్తున్న రోజుల్లో, పురుడు తర్వాత గొర్రెపిల్లను అర్పించే స్తోమత లేక రెండు పక్షులతో సరిపెట్టుకున్న ఇంటి ఆడపిల్ల పాడిన పాట ఇది. వెయ్యేళ్ల ముందు సమూయేలు తల్లి హన్నా పాడిన పాట ఆమెకు బాగా తెలుసని ఇందులో మాటమాటకూ కనిపిస్తుంది. లేఖనాలు వంటబట్టిన స్త్రీ ఆమె.

తెలుగు ప్రొటెస్టెంట్లకు ఈ పాటతో ప్రత్యేకమైన బంధం ఉండాలి. 1876-78 కరువులో ఒంగోలు ప్రాంతంలో జనం ఆకలితో అల్లాడుతుంటే, బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వాళ్లకు పని చూపించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర 2,222 మంది ఒక్కరోజే బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది ఊరి బయటికి నెట్టేసిన మాదిగవారు. మన సంఘాల్లో చాలావాటికి పునాది అలాంటి ముత్తాతలు, ముత్తవ్వలే. దీనులను పైకెత్తే దేవుడి గురించి బైబిల్లో ఉన్న ఇంత గొప్ప పాటను, అది మరియ పాడిందన్న ఒక్క కారణంతో మనం పక్కన పెట్టడం నాకు అస్సలు మింగుడుపడదు. ఆంగ్లికన్ ప్రార్థనా క్రమంలో 1549 నుంచి సాయంకాల ఆరాధనలో ఈ పాట ఉంది. వాళ్లు పాడుతున్నారు, మనం కూడా పాడొచ్చు.

చివరిగా, ప్రతి ఫిబ్రవరిలో వచ్చే ప్రశ్న: "అయ్యగారూ, మా కోడలు ఆర్‌సీఎం. గుణదల మేరీమాత తిరునాళ్లకు రమ్మంటోంది, వెళ్లొచ్చా?" కోడలికి తోడుగా కొండ ఎక్కితే నీ విశ్వాసం పోదమ్మా అంటాను. మొక్కు మాత్రం మొక్కొద్దు, ఎందుకంటే నీ మనవడి జ్వరం గురించి చెప్పుకోవడానికి నీకు యేసు దగ్గరకే నేరుగా దారి ఉంది. కోడలు జపమాల చెప్పుకుంటుంటే వెక్కిరించొద్దు. ఇంటికి వచ్చాక ఇద్దరూ కలిసి లూకా 1:46 నుంచి 55 వరకు పైకి చదవండి. ఆ పది వచనాలు ఆమె బైబిల్లోనూ ఉన్నాయి, నీ బైబిల్లోనూ ఉన్నాయి.